లైసెన్స్ చేతికొచ్చింది.. మొదట ఏ కంపెనీ ట్రక్ ఎక్కాలి?

2009 జనవరి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక హైవే. రాత్రి బాగా పొద్దుపోయింది. చలి సున్నా డిగ్రీలకి ఎంతో దిగువకి పడిపోయింది. అల్ఫాన్స్ మాడిన్ అనే డ్రైవర్ రోడ్డు పక్కన ట్రక్ ఆపుకుని కూర్చున్నాడు. చలికి ట్రైలర్ బ్రేకులు బిగుసుకుపోయాయి. క్యాబిన్‌లో హీటర్ పనిచెయ్యట్లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే రిపేర్ చేసేవాళ్లని పంపిస్తాం, ఉండమన్నారు. ఉన్నాడు. అలాగే కునుకు పట్టేసింది. రెండు గంటల తర్వాత బంధువు ఒకరు ఫోన్ చేస్తే మెలకువ వచ్చింది. అప్పటికి పాదాలకి స్పర్శ లేదు, మాట తడబడుతోంది.

మళ్లీ కంపెనీకి ఫోన్ చేశాడు. చివరికి సూపర్‌వైజర్ ఇచ్చినవి రెండే దారులు: బ్రేకులు పట్టేసిన ఆ ట్రైలర్‌ని అలాగే ఈడ్చుకుంటూ వెళ్లడం, లేదంటే సాయం వచ్చేదాకా అక్కడే కూర్చోవడం. మాడిన్ మూడో దారి పట్టాడు. ట్రైలర్‌ని విడదీసి, ఇంజిన్ ఉన్న ముందు భాగంతో ప్రాణాలు దక్కించుకోవడానికి వెళ్లిపోయాడు. లోడ్ వదిలేసి పోయాడని కంపెనీ ఉద్యోగంలోంచి తీసేసింది. అది తప్పని ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చేసరికి 2016 వచ్చింది.

ట్రక్ డ్రైవింగ్ స్కూల్ నుంచి కొత్తగా బయటికొచ్చినవాళ్లు మొదటి కంపెనీని ఎంచుకునేటప్పుడు ముందుగా చూసేది మైలుకి ఎన్ని సెంట్లు ఇస్తారన్నది. జాయినింగ్ బోనస్ ఎంత, ట్రక్ ఎంత కొత్తది అన్నది ఆ తర్వాత. కానీ అసలు తేడా చూపించేది వేరే ఉంది. రోడ్డు మీద ఇబ్బంది వచ్చిన రాత్రి ఫోన్ ఎత్తేది ఎవరు? వాళ్లు ఏం చెప్తారు? వాళ్ల మాట వినకపోతే మీరు సంతకం పెట్టిన కాగితాలు మిమ్మల్ని ఏం చేస్తాయి? మొదటి కంపెనీ సంగతి తేల్చేది ఈ మూడు ప్రశ్నలే.

ముందు ఈ సంగతి తెలుసుకోండి

‘అమెరికాలో ట్రక్ డ్రైవర్ ఉద్యోగం, నెలకి లక్షల్లో జీతం, వీసా మేం చూసుకుంటాం’ లాంటి మాటలు రీల్స్‌లో కనిపిస్తే నమ్మి డబ్బు కట్టకండి. డిగ్రీ అవసరమైన ప్రత్యేక ఉద్యోగాలకి ఇచ్చే హెచ్1బీ ఈ పనికి వర్తించదు. కమర్షియల్ ట్రక్ డ్రైవర్లకి వర్క్ వీసాల జారీ ఆపేస్తున్నట్టు 2025 ఆగస్టులో అమెరికా విదేశాంగ మంత్రి మార్కో రూబియో ప్రకటించారు. ఆ సెప్టెంబరులో, గ్రీన్‌కార్డు లేని విదేశీయులకి కమర్షియల్ లైసెన్స్ ఇచ్చే నిబంధనలని బాగా బిగించారు. అది కోర్టుల దాకా వెళ్లింది. మన దగ్గర తీసుకున్న హెవీ లైసెన్స్ చూపించి అక్కడ ట్రక్ నడపడం కుదరదు. మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

ఇంగ్లిష్ కూడా ముఖ్యం. రోడ్డు మీది బోర్డులు చదవగలగాలి, అధికారులు అడిగితే జవాబు చెప్పగలగాలి అన్న రూల్ ఎప్పట్నుంచో ఉంది. 2025 జూన్ 25 నుంచి ఆ పరీక్షలో తప్పితే డ్రైవర్‌ని అక్కడికక్కడే ట్రక్ దింపేస్తున్నారు.

కాబట్టి ఈ వ్యాసం ముఖ్యంగా ఎవరికంటే, గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉండి అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకి. ఈ రంగంలో పంజాబీలు ఎప్పట్నుంచో పాతుకుపోయారు. ఐటీలో లేఆఫ్‌లు చూసి చూసి స్టీరింగ్ వైపు ఆలోచించే తెలుగువాళ్లకి అలాంటి అండ ఇంకా తక్కువే. అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో బాబాయో అన్నయ్యో ఈ లైన్లో లేనివాళ్లకి ఇది పనికొస్తుంది.

స్కూల్లో నేర్పేది ఎంత?

ట్రైలర్‌తో కూడిన పెద్ద ట్రక్ నడపాలంటే క్లాస్-ఎ కమర్షియల్ డ్రైవర్ లైసెన్స్ కావాలి. అక్కడ అందరూ సీడీఎల్ అంటారు. 26,001 పౌండ్లు, అంటే దాదాపు 11.8 టన్నులు, ఆపైన బరువుకి నిర్దేశించిన ట్రక్కు-ట్రైలర్ జతకి ఇది తప్పనిసరి. అందులో ట్రైలర్ వాటా 10,000 పౌండ్లు దాటి ఉండాలి. సొంత రాష్ట్రంలో తిరగడానికి 18 ఏళ్లు చాలు, రాష్ట్రాలు దాటాలంటే మామూలుగా 21 నిండాలి.

2022 ఫిబ్రవరి 7 నుంచి, ఫెడరల్ రవాణా భద్రతా సంస్థ ఎఫ్ఎంసీఎస్ఏ జాబితాలో ఉన్న స్కూల్లో శిక్షణ పూర్తి చేస్తేనే కొత్తవాళ్లకి డ్రైవింగ్ టెస్ట్ పెడుతున్నారు. ఏమేం నేర్పాలన్నది ఆ రూల్‌లో ఉంది. కానీ ఇన్ని గంటలు కచ్చితంగా నడిపించాలని మాత్రం లేదు. అందుకే స్కూళ్ల మధ్య తేడా చాలా ఉంటుంది. కొన్నివారాల కోర్సులో స్టీరింగ్ మీ చేతిలో ఉండేది కొన్ని గంటలే కావచ్చు. మిగతా సమయం అంతా మీ వంతు కోసం ఎదురుచూపే.

ఇంకో చిన్న మెలిక. ఆటోమేటిక్ గేర్ల ట్రక్‌తో టెస్ట్ పాసైతే మీ లైసెన్స్ మీద ‘మాన్యువల్ నడపరాదు’ అన్న షరతు పడుతుంది. పెద్ద కంపెనీల ట్రక్కులు ఇప్పుడు చాలావరకు ఆటోమేటిక్కే కాబట్టి వెంటనే ఇబ్బంది రాదు. కానీ తర్వాత పాత ట్రక్కులు ఉన్న చిన్న కంపెనీకి మారాలంటే అడ్డం పడుతుంది.

అంటే లైసెన్స్ చేతికొచ్చిన రోజుకి మీకు టెస్ట్ పాసయ్యేంత వచ్చిందన్నమాట. లోడ్‌తో కలిపి 80,000 పౌండ్ల, అంటే 36 టన్నుల బండిని మంచు కురిసే కొండ రోడ్డు మీద దింపడం ఇంకా రాలేదు. అది నేర్పేది మొదటి కంపెనీయే.

చిన్న కంపెనీలు ఎందుకు తీసుకోవు?

కొత్త డ్రైవర్‌కి మొదట తగిలే నిరాశ ఇదే. పది ట్రక్కులున్న కంపెనీకి ఫోన్ చేస్తే, మనిషి మంచివాడే అయినా ‘అనుభవం ఎంత?’ అని అడిగి పెట్టేస్తాడు. తప్పు ఆయనది కాదు, ఇన్సూరెన్స్ వాళ్లది. ఏడాదో రెండేళ్లో అనుభవం లేనివాళ్లని పెట్టుకుంటే ప్రీమియం ఎక్కువ కట్టాలి, లేదా బీమాయే దొరకదు. వేలకొద్దీ ట్రక్కులున్న కంపెనీలు ఆ రిస్క్‌ని చాలావరకు తామే భరించగలవు. అందుకే కొత్తవాళ్లు ష్నైడర్, స్విఫ్ట్, వెర్నర్, ప్రైమ్ లాంటి పెద్ద పేర్ల దగ్గరే మొదలుపెట్టడం మామూలు.

మన భాషలో చెప్పాలంటే ఇవి మాస్ రిక్రూటర్లు. బీటెక్ అయ్యాక సర్వీస్ కంపెనీల్లో చేరినట్టే. అక్కడే రిటైర్ అవ్వాలని ఎవరూ చేరరు. నేర్చుకుని, రెజ్యూమెలో ఒక లైన్ రాసుకుని బయటపడాలని చేరతారు. కంపెనీలకీ ఆ సంగతి తెలుసు. అమెరికన్ ట్రకింగ్ అసోసియేషన్స్ లెక్కల ప్రకారం పెద్ద లాంగ్‌హాల్ కంపెనీల్లో డ్రైవర్లు మారిపోయే రేటు 2010ల చివర్లో ఏడాదికి 90 శాతం చుట్టూ ఉండేది. అంటే 100 సీట్లు ఉంటే ఏడాదిలో 90 సార్లు కొత్త మనిషిని వెతుక్కోవడం. రిక్రూటర్ మీతో అంత తియ్యగా ఎందుకు మాట్లాడతాడో ఈ ఒక్క అంకె చెప్తుంది.

బాండ్.. ఇక్కడా ఉంది

ఇంజినీరింగ్ చదివినవాళ్లకి బాండ్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ట్రైనింగ్ మేమే ఇస్తాం, ఇన్నాళ్లలోపు మానేస్తే ఇంత కట్టాలి. మేం చదివేటప్పుడు క్యాంపస్ ప్లేస్‌మెంట్ల సమయంలో హాస్టల్ గదుల్లో సగం చర్చ దాని మీదే. ట్రకింగ్‌లో కూడా సరిగ్గా అదే పద్ధతి ఉంది.

స్కూల్ ఫీజు విషయంలో మూడు దారులుంటాయి. ఒకటి, కంపెనీయే నేర్పించి లైసెన్స్ ఇప్పించడం. చేతినుంచి పెద్దగా పడదు, కానీ మామూలుగా ఏడాది పాటు అక్కడే పనిచెయ్యాలి. రెండు, మీరే ఫీజు కట్టుకుని చేరితే, ఆ డబ్బుని కంపెనీ నెలనెలా కొంత చొప్పున తిరిగివ్వడం. మూడు, కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఫీజుతో చదవడం. ఉద్యోగం పోయినవాళ్లకి ‘వయోవా’ అని పిలిచే ఫెడరల్ పథకం కింద ఈ ఫీజుకి సాయం దొరికే అవకాశం ఉంది. మీ ఊళ్లో ఉండే ప్రభుత్వ ఉపాధి కేంద్రంలో అడగాలి. లేఆఫ్‌లో ఉన్నవాళ్లు చాలామంది ఈ సంగతే తెలియక అప్పు చేస్తారు.

బాండ్ ఉండటమే తప్పు కాదు. అందులో ఏం రాశారన్నదే చూడాలి. ఎనిమిదో నెలలో మానేస్తే మొత్తం కట్టాలా, మిగిలిన నాలుగు నెలలకే కట్టాలా? దాని మీద వడ్డీ ఉందా? కంపెనీయే మిమ్మల్ని తీసేస్తే అప్పుడు కూడా మీరే కట్టాలా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. కొత్తలో ట్రక్ ఎక్కడో గీసుకుని ఉద్యోగం పోతే, జీతమూ లేక అప్పూ మిగిలేది ఇక్కడే.

క్లీనర్ లేని లారీ

మన దగ్గర లారీ డ్రైవర్లు చాలామంది స్కూల్లో నేర్చుకోలేదు. క్లీనర్‌గా ఎక్కి, టైర్లు తట్టి చూసి, అద్దం తుడిచి, రివర్స్‌లో ‘రైట్.. రైట్’ అని అరిచి, రాత్రుళ్లు ఖాళీ రోడ్డు మీద డ్రైవర్ గారు స్టీరింగ్ ఇస్తే మెల్లగా నేర్చుకున్నవాళ్లే. దాంట్లో కష్టాలు ఉన్నాయి, దోపిడీ కూడా ఉంది. కానీ ఒక పెద్ద డ్రైవర్ పక్కన ఏళ్ల తరబడి కూర్చోవడం అనే లాభం ఉంది.

అమెరికా ట్రక్‌లో క్లీనర్ ఉండడు. ఆ ఏళ్ల తరబడి నేర్చుకునేదంతా ట్రైనర్‌తో గడిపే కొన్ని వారాల్లో నేర్చుకోవాలి. లైసెన్స్ వచ్చాక ఇన్ని వారాలు ట్రైనర్‌తో తిప్పాలని ఫెడరల్ రూల్ ఏమీ లేదు. కంపెనీ ఇష్టం. కాబట్టి నా లెక్కలో, జీతం కంటే ముందు అడగాల్సింది దీని గురించే.

ఎన్ని వారాలు అని మాత్రమే అడిగి వదిలెయ్యకండి. ట్రైనర్‌కి ఎన్నేళ్ల అనుభవం ఉండాలన్నది కంపెనీ నియమం? మీరు నడుపుతున్నప్పుడు అతను పక్క సీట్లో మెలకువగా ఉంటాడా, వెనక బెర్త్‌లో పడుకుంటాడా? ఇద్దరూ వంతులవారీగా రాత్రీపగలూ నడిపితే దాన్ని టీమ్ డ్రైవింగ్ అంటారు. కంపెనీకి లోడ్ త్వరగా చేరుతుంది, ట్రైనర్‌కి ఎక్కువ మైళ్లు వస్తాయి. మీకు మాత్రం పక్కన మనిషి లేకుండానే ట్రైనింగ్ అయిపోతుంది. మొదటి కొన్ని వారాలైనా అలా ఉండదన్న హామీ కావాలి. ట్రైనర్‌తో అస్సలు పొసగకపోతే మార్చమని అడగొచ్చా? ఆడవాళ్లయితే ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి. ఒకే క్యాబిన్‌లో వారాల తరబడి తిని, పడుకుని ఉండాల్సిన పరిస్థితి ఇది.

కొత్తవాళ్లకి ఎక్కువగా దెబ్బ తగిలేది హైవే మీద కాదు, గోడౌన్ల దగ్గర రివర్స్ చేసేటప్పుడు. అనుమానం వస్తే దిగి చూడు. అక్కడ ప్రతి ట్రైనర్ చెప్పే మొదటి పాఠం ఇది. ఎన్నిసార్లు దిగినా విసుక్కోని ట్రైనర్ దొరికితే మీ అదృష్టం.

మైలుకి ఎంత అన్నది సగం లెక్కే

అక్కడ లాంగ్‌హాల్ డ్రైవర్‌కి ఎక్కువగా మైలు లెక్కన జీతం. ఉదాహరణకి ఒక కంపెనీ మైలుకి 60 సెంట్లు అంది, వారానికి 1,500 మైళ్లే లోడ్లు దొరికాయి అనుకుందాం. వచ్చేది 900 డాలర్లు. ఇంకో కంపెనీ 50 సెంట్లే అంది, కానీ 2,300 మైళ్లు ఇచ్చింది. 1,150 డాలర్లు. పోస్టర్ మీద మొదటిదే పెద్దగా కనిపిస్తుంది.

పైగా ఏ మైళ్లు? చాలా కంపెనీలు ఓడోమీటర్ చూసి కట్టవు. ఊరి నుంచి ఊరికి సాఫ్ట్‌వేర్ లెక్కకట్టిన దూరానికే ఇస్తాయి. మీరు చుట్టు తిరిగినదీ, పార్కింగ్ వెతుక్కున్నదీ అందులో రాదు. ఖాళీ ట్రైలర్‌తో వెళ్లే మైళ్లకి అదే రేటు ఇస్తారా? గోడౌన్ దగ్గర నాలుగు గంటలు నిలబెడితే? మామూలుగా మొదటి రెండు గంటలకి ఏమీ ఉండదు. ఆ తర్వాత ఇచ్చేది కంపెనీని బట్టి.

ఇక్కడ టైమే అసలు సరుకు. రూల్ ప్రకారం 10 గంటల విశ్రాంతి తర్వాత డ్యూటీ మొదలుపెడితే 14 గంటల్లోపు 11 గంటలే నడపాలి. 8 గంటలు నడిపాక అరగంట ఆగాలి. ఎనిమిది రోజుల్లో 70 గంటలు పని దాటితే స్టీరింగ్ ముట్టుకోకూడదు. 2017 డిసెంబరు నుంచి దీన్నంతా ఇంజిన్‌కి తగిలించిన ఎలక్ట్రానిక్ పరికరమే రాస్తుంది. గోడౌన్‌లో పోయిన నాలుగు గంటలు ఆ 14లోంచే పోతాయి. ఆఫీసు ఉద్యోగుల్లా 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్ల ఓవర్‌టైమ్ కూడా రాదు. రాష్ట్రాలు దాటే ట్రక్ డ్రైవర్లకి ఆ ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది.

అమెరికా కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2024 మే నాటికి భారీ ట్రక్ డ్రైవర్ల మధ్యస్థ వార్షిక వేతనం 57,440 డాలర్లు. అంటే సగం మందికి అంతకంటే తక్కువే. రూపాయల్లోకి మార్చి చూస్తే కళ్లు తిరుగుతాయి కానీ, ట్రక్ స్టాప్‌లో భోజనం నుంచి ఇంటి అద్దె దాకా ఖర్చు కూడా డాలర్లలోనే. అందుకే రిక్రూటర్ ‘ఇంత దాకా సంపాదించొచ్చు’ అంటే ఆ ‘దాకా’ని పక్కన పెట్టండి. మొదటి ఆరు నెలల్లో ఉన్న డ్రైవర్‌కి వారానికి సగటున ఎంత వస్తోంది, లోడ్ లేని వారం కనీస హామీ ఎంత అని అడగండి.

ఏ సరుకు, ఏ రూటు?

డబ్బా ట్రైలర్‌లో మామూలు సరుకు వేసుకెళ్లడాన్ని డ్రై వ్యాన్ అంటారు. కొత్తవాళ్లకి ఇదే తేలిక. చల్లబరిచే ట్రైలర్ అయితే లోడ్లు ఏడాదంతా ఉంటాయి కానీ కిరాణా గోడౌన్ల దగ్గర నిరీక్షణ ఎక్కువ. ఫ్లాట్‌బెడ్‌లో డబ్బు కొంచెం మెరుగు, కానీ గొలుసులు బిగించడం, వానలో, మంచులో బరువైన టార్పాలిన్లు కప్పడం మీ పనే. ట్యాంకర్‌లో ద్రవం ముందుకీ వెనక్కీ ఊగి, బ్రేక్ వేసిన తర్వాత కూడా బండిని తోస్తుంది. మొదటి ఏడాది దాని జోలికి పోకపోవడమే మంచిది.

రూటు విషయానికొస్తే, దేశమంతా తిరిగే లైన్‌లో వారాల తరబడి ఇంటికి రారు. వారానికి ఒక రోజు చొప్పున సెలవు లెక్కకట్టడం చాలాచోట్ల పద్ధతి. నాలుగు వారాలు బయట ఉంటే నాలుగు రోజులు ఇంట్లో. రీజినల్ అయితే వారాంతానికి రావచ్చు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవాళ్లు, అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నవాళ్లు ఇది ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. ఇంకో సంగతి. చలికాలంలో వ్యోమింగ్‌లోని ఐ-80, కాలిఫోర్నియాలోని డోనర్ పాస్ లాంటి చోట్ల గాలికీ మంచుకీ పాత డ్రైవర్లే ఆగిపోతారు. అక్టోబరులో లైసెన్స్ వస్తే మొదటి చలికాలం ట్రైనర్‌తోనా, ఒంటరిగానా అన్నది లెక్క వేసుకోండి.

‘నువ్వే ఓనర్’ అంటే జాగ్రత్త

చేరిన కొన్ని నెలలకే ఒక ఆఫర్ రావచ్చు. ట్రక్ లీజుకి తీసుకో, వాయిదాలు కట్టు, చివరికి అది నీదే. వినడానికి మన ఊళ్లో ఫైనాన్స్‌లో లారీ తీసుకున్నట్టే ఉంటుంది. తేడా ఏంటంటే, ఇక్కడ ట్రక్ ఇచ్చేదీ, లోడ్ ఇచ్చేదీ, వాయిదా కోసుకునేదీ తరచుగా ఒకే కంపెనీ. డీజిల్, బీమా, రిపేర్లు అన్నీ మీ ఖాతాలోకే వస్తాయి. లోడ్లు తగ్గిన వారం కూడా వాయిదా మాత్రం తగ్గదు. వారమంతా నడిపి, చివరికి కంపెనీకే బాకీ పడే సందర్భాలు ఉన్నాయి.

ఇదేదో ఫెయిలైనవాళ్ల ఏడుపు కాదు. 2021 మౌలిక వసతుల చట్టం కింద ఏర్పడిన ట్రక్ లీజింగ్ టాస్క్‌ఫోర్స్ ఈ ఒప్పందాల్ని పరిశీలించి, ఇలాంటి లీజ్-పర్చేజ్ పద్ధతినే నిషేధించమని 2025 జనవరిలో సిఫార్సు చేసింది. మొదటి ఏడాది ఎవరు ఎంత చెప్పినా లీజు మీద సంతకం పెట్టకండి.

కాగితాల బలం ఎంతో చెప్పడానికి ఒక కేసు చాలు. డొమినిక్ ఒలివేరా అనే డ్రైవర్ తనకి న్యాయంగా రావాల్సిన జీతం ఇవ్వలేదని 2015లో ప్రైమ్ కంపెనీ మీద కేసు వేశాడు. ఒప్పందంలో గొడవలు కోర్టులో కాదు, మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని రాసి ఉందని కంపెనీ వాదించింది. అలాంటి షరతుతో రవాణా కార్మికుల్ని, కాంట్రాక్టర్లుగా పిలిచే వాళ్లనైనా సరే, ఫెడరల్ మధ్యవర్తిత్వ చట్టం కింద కట్టెయ్యలేరని 2019 జనవరిలో సుప్రీంకోర్టు 8-0తో చెప్పింది. డ్రైవర్ గెలిచాడు, నిజమే. కానీ కేసుని ఎక్కడ వినాలన్నది తేలడానికే నాలుగేళ్లు పట్టింది. విచిత్రం ఏంటంటే ఆ తీర్పు రాసింది జస్టిస్ నీల్ గోర్సచ్. 2016లో అప్పీల్ కోర్టులో ఉన్నప్పుడు, చలిలో ట్రైలర్ వదిలిన మాడిన్ కేసులో డ్రైవర్‌కి వ్యతిరేకంగా రాసిన జడ్జి కూడా ఆయనే.

కంపెనీ జాతకం ఫోన్‌లోనే చూడొచ్చు

పెళ్లి సంబంధానికి వాకబు చేసినట్టు కంపెనీకి కూడా చెయ్యాలి. ఎఫ్ఎంసీఎస్ఏ నడిపే సేఫర్ అనే వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు గానీ, ట్రక్ తలుపు మీద ఉండే యూఎస్ డాట్ నంబర్ గానీ కొడితే చాలు. ఎన్ని ట్రక్కులు, ఎన్ని తనిఖీలు, ఎన్ని ప్రమాదాలు అన్నీ వస్తాయి. పైసా ఖర్చు లేదు.

అందులో ముఖ్యంగా చూడాల్సింది ‘అవుట్ ఆఫ్ సర్వీస్’ శాతం. తనిఖీలో బ్రేకులో టైర్లో బాగాలేక ట్రక్‌ని అక్కడే ఆపేసిన సందర్భాలు అవి. పక్కనే జాతీయ సగటు కూడా ఉంటుంది. మీ కంపెనీది సగటు కంటే బాగా ఎక్కువగా ఉంటే బండ్ల రిపేర్లకి డబ్బు పెట్టట్లేదని అర్థం చేసుకోండి. ప్రమాదాల అంకెని మాత్రం జాగ్రత్తగా చూడాలి. తప్పు ఎవరిదైనా అందులో లెక్కలోకి వస్తుంది. వేల ట్రక్కులున్న కంపెనీకి ఎక్కువ కనిపించడం సహజం.

డబ్బు పరిస్థితి గురించి వార్తలూ చదవండి. ఇండియానాపొలిస్ కేంద్రంగా నడిచిన సెలడాన్ 2019 డిసెంబరులో ఒక్కసారిగా దివాలా ప్రకటించింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. ఇంటికి దూరంగా రోడ్ల మీదున్న డ్రైవర్లు ఎలా చేరాలో తెలియక ఇరుక్కుపోయారు. 2023లో యెల్లో కంపెనీ మూతపడితే దాదాపు 30,000 మంది వీధిన పడ్డారు. పేరు పెద్దదైనంత మాత్రాన ఉద్యోగం గట్టిది కాదు.

కాదనే హక్కు, వెళ్లే పద్ధతి

అలసిపోయి ఉన్నప్పుడు, బండి బాగాలేనప్పుడు, రోడ్డు ప్రమాదకరంగా ఉన్నప్పుడు నడపనని చెప్పే హక్కు డ్రైవర్‌కి చట్టం ఇచ్చింది. 1982 నాటి సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ అసిస్టెన్స్ యాక్ట్ అది. మాడిన్‌ని చివరికి కాపాడింది కూడా అదే. అలా చెప్పినందుకు ఉద్యోగం తీసేస్తే 180 రోజుల్లో కార్మిక శాఖ కింద పనిచేసే ఓషాకి ఫిర్యాదు చెయ్యాలి. గంటలు అయిపోయినా నడపమని ఒత్తిడి చేస్తే 90 రోజుల్లో ఎఫ్ఎంసీఎస్ఏకి చెప్పొచ్చు. డిస్పాచర్‌తో గొడవ ఫోన్‌లో పడకండి. ట్రక్‌లోని మెసేజ్ వ్యవస్థలోనో టెక్స్ట్‌లోనో ‘నాకు గంటలు లేవు, ఇప్పుడు నడపడం సురక్షితం కాదు’ అని రాయండి. రాసింది మిగులుతుంది.

మానేసేటప్పుడు కూడా పద్ధతి ఉంది. కోపం వచ్చి ట్రక్‌ని ఏ పెట్రోల్ బంకు దగ్గరో వదిలేసి బస్సెక్కితే, ‘ట్రక్ వదిలి పారిపోయాడు’ అన్న ముద్ర మీ ఉద్యోగ చరిత్ర నివేదికలో పడుతుంది. తర్వాతి కంపెనీ మీ గత మూడేళ్ల భద్రతా చరిత్రని పాత కంపెనీల్ని అడిగి తీరాలి, అది రూల్. కాబట్టి ముందుగా రాతపూర్వకంగా చెప్పి, కంపెనీ టెర్మినల్‌లోనే ట్రక్ అప్పగించి, లోపలా బయటా ఫొటోలు తీసుకుని, అందినట్టు కాగితం తీసుకోండి. నివేదికలో తప్పు రాస్తే సరిచేయించుకునే హక్కు కూడా ఉంది.

మత్తు పరీక్షల రికార్డు ఇంకా కఠినం. 2020 జనవరి నుంచి అవన్నీ క్లియరింగ్‌హౌస్ అనే ఫెడరల్ డేటాబేస్‌లో ఉంటున్నాయి. గంజాయి కొన్ని రాష్ట్రాల్లో చట్టబద్ధమే అయినా సీడీఎల్ ఉన్నవాళ్లకి ఎక్కడా చెల్లదు. ఒక్క పార్టీతో మొత్తం ఖర్చు, కష్టం పోతాయి.

రిక్రూటర్‌ని అడగాల్సినవి

ఈ ప్రశ్నలు ఫోన్‌లో నోట్ చేసుకోండి. మూడు నాలుగు కంపెనీలని ఇవే అడిగి, జవాబులు పక్కపక్కన పెట్టి చూడండి.

1. ట్రైనర్‌తో ఎన్ని వారాలు? అతని అనుభవం ఎంత? ఆ వారాల్లో నాకు రోజుకి ఎంత ఇస్తారు?

2. బాండ్ ఎన్ని నెలలు? మధ్యలో మానేస్తే, లేదా మీరే తీసేస్తే ఎంత కట్టాలి?

3. మొదటి ఆరు నెలల డ్రైవర్‌కి వారానికి సగటున ఎన్ని మైళ్లు వస్తున్నాయి? కనీస హామీ ఎంత?

4. ఖాళీ మైళ్లకి, నిరీక్షణకి, బ్రేక్‌డౌన్ అయిన రోజుకి ఎంత?

5. ఇంటికి ఎన్ని రోజులకి పంపుతారు? పోయిన నెల ఆ మాట తప్పింది ఎన్నిసార్లు?

6. రాత్రి రెండింటికి రోడ్డు మీద ఆగిపోతే ఫోన్ ఎత్తేది ఎవరు? వాతావరణం బాగాలేక ఆగాలని డ్రైవర్ అంటే తుది మాట ఎవరిది?

7. ఇవన్నీ ఈమెయిల్‌లో రాసి పంపగలరా?

ఏడో ప్రశ్నకి నసిగే కంపెనీ ఉంటే మిగతా ఆరు జవాబుల్నీ అనుమానించండి. తర్వాత ఏదైనా ట్రక్ స్టాప్‌కి వెళ్లి, ఆ కంపెనీ బొమ్మ ఉన్న ట్రక్ డ్రైవర్‌ని పలకరించండి. ఒక కాఫీ ఇప్పిస్తే చాలు, రిక్రూటర్ చెప్పనిది ఆయన చెప్తాడు. ముఖ్యంగా ఆరో ప్రశ్న ఆయన్ని కూడా అడగండి.

చేరాక, మరీ ప్రమాదకరంగా ఉంటే తప్ప, ఏడాది నిలబడండి. మొదటి మూడు నెలలు అందరికీ కష్టమే. ప్రమాదం లేకుండా, శుభ్రమైన రికార్డుతో ఆ ఏడాది గడిస్తే, ఇవాళ ‘అనుభవం ఎంత?’ అని ఫోన్ పెట్టేసిన చిన్న కంపెనీలే మీ నంబర్ అడుగుతాయి. రేటు గురించి బేరం అప్పుడు మొదలుపెట్టొచ్చు.